యాలాల్ గోడ మీద మామత్

ఇట్లా అరుగు మీదికి రండి. ఇక్కడ పరిచినవి తాండూరు నాపరాళ్ళు. పగలంతా ఎండలో కాగి, రాత్రి ఎనిమిది దాటినా వెచ్చగానే ఉన్నాయి. ఎదురింటి గోడకు ఉగాదికి వేసిన సున్నం ఇంకా మాయలేదు, అందుకే తెర కట్టే పని తప్పింది. స్టూలు మీద చిన్న ప్రొజెక్టరు, పక్కన ల్యాప్‌టాప్, కిటికీలోంచి లాగిన వైరు. వాకిట్లో చాపలు, బొంతలు పరిచారు. పిల్లలు ముందు కూర్చున్నారు, ఆడవాళ్ళు గోడ వారగా చేరారు, మగవాళ్ళు సగం మంది నిలబడే ఉన్నారు. ఊరు యాలాల్. వికారాబాద్ జిల్లాలో తాండూరు పక్కనే ఉన్న మండల కేంద్రం. కాగ్నా ఏటి దిక్కు నుంచి ఉండుండి గాలి వీస్తోంది.

ముందు వరసలో ఒక పోరడు వెనక్కి తిరుగుతాడు.

"సారూ, తెలుగు సిన్మానా?"

"ఇంగ్లీషుది బిడ్డా. గని తీసింది మన దిక్కే, సేలంల. ఏనుగులుంటయి, కూసో."

సారంటే బడిపంతులుగా చేసి రిటైరైన పెద్దాయన. మూకీల కాలంలో తెర పక్కన ఒక మనిషి నిలబడి జరుగుతున్న కథ చెప్పేవాడు. ఈ రాత్రి ఆ పని ఈయనది. ముక్కుకు జారిన కళ్ళద్దాలు పైకి తోసుకుని మీట నొక్కుతాడు.

గోడ ఎండుగడ్డి రంగుకు తిరుగుతుంది. 1952లో అమెరికాలో లిపర్ట్ సంస్థ ఈ బొమ్మను విడుదల చేసినప్పుడు నలుపు తెలుపులకు గోధుమ వన్నె అద్ది వదిలింది. పేరు 'ది జంగిల్'. గంటాపావు నిడివి. సేలం మోడరన్ థియేటర్స్ అధిపతి టి.ఆర్. సుందరం హాలీవుడ్ వాళ్ళతో చేతులు కలిపి తీసిన చిత్రమిది. తమిళంలో 'కాడు' పేరుతో వచ్చింది. మోడరన్ థియేటర్స్ అంటే మలయాళంలో మొదటి టాకీ 'బాలన్' గుర్తొస్తుంది, తమిళంలో మొదటి రంగుల చిత్రం 'అలీబాబావుం 40 తిరుడర్గళుం' గుర్తొస్తుంది. 'ది జంగిల్' మాట ఎత్తేవాళ్ళు అరుదు. నాకైతే ఆ స్టూడియో చేసిన సాహసాల్లో ఇదే పెద్దదనిపిస్తుంది.

పేర్లు పడటం అయిపోయింది. చూడండి, ఏనుగులు వస్తున్నాయి.

ఊరి మీద పడ్డాయవి. గుడిసెలు కూలుతున్నాయి, జనం పరుగెత్తుతున్నారు. వాకిట్లో మాట లేదు. ఇక్కడ కూర్చున్న ఎవరికీ ఇది దూరదేశపు వింత కాదని మీకు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. నిలబడ్డవాళ్ళలో ఒకాయన, భుజాన తువ్వాలతో, గోడకేసి చెయ్యి చూపిస్తాడు.

"మంచెలేవి? ఒక్క మంచె లేదు. చేనెవలు కాస్తున్నరు మరి?"

సారు దగ్గర జవాబు లేదు. కథ రాసినవాళ్ళకు ఆ ప్రశ్న తట్టి ఉండదు. ఈయనకు తట్టింది. ఈ మండలంలో మక్కచేనుకు, జొన్నచేనుకు అడవి పందులతో ఉన్న పేచీ అందరికీ తెలిసిందే. పొలాల వెంట పగలు నడిస్తే చేను చుట్టూ కర్రలు పాతి, పాత చీరలు వరసగా కట్టి ఉండటం కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, వెలిసిపోయిన పసుపు. గాలికి చీర ఊగితే మనిషి కదిలాడనుకుని పంది వెనక్కి తిరుగుతుందని ఆశ. కొన్నాళ్ళు తిరుగుతుంది. తర్వాత దానికీ తెలిసిపోతుంది. అప్పుడిక రాత్రుళ్ళు డబ్బా కొట్టడం, టపాకులు పేల్చడం. ఏనుగు ముందు ఈ ఏర్పాట్లేవీ నిలవవు. అందుకే తువ్వాలాయన కళ్ళు గోడ మీద పారిపోతున్న జనం మీదే ఉన్నాయి.

"మన దిక్కు ఏనుగులు రావుగదా సారూ?" అని ఒక ఆడగొంతు.

"మన దిక్కు రావమ్మా. 2024ల ఒకటొచ్చింది, ఆసిఫాబాద్ దిక్కు. ప్రాణహిత దాటి మహారాష్ట్ర నుంచి ఒక్కతే వచ్చింది. ఇద్దరు రైతులు పాయె."

ఆ ఏడు ఏప్రిల్ సంగతి పేపర్లు చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. రెండు రోజుల్లో రెండు ప్రాణాలు పోయాయి. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో అడవి ఏనుగును ఎట్లా ఎదుర్కోవాలో తెలిసిన మనుషులు లేరు, ఉండే అవకాశమూ లేదు. చిత్తూరు జిల్లా కథ వేరు. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు అక్కడికి వచ్చాయి, వచ్చి ఉండిపోయాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. చెరకు, వరి, మామిడి పండించే ఊళ్ళు అప్పటి నుంచి ఈ పెద్ద పొరుగువాళ్ళతో రాత్రుళ్ళు పంచుకుంటున్నాయి. మందలను మళ్ళించడానికి 2025లో కర్ణాటక మచ్చిక చేసి శిక్షణ ఇచ్చిన తన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. డెబ్బయి ఏళ్ళు దాటిన ఈ సినిమా మొదటి సన్నివేశం పాతబడలేదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి!

గోడ మీదికి రాజమహలు వచ్చింది. ఇక్కడ కాస్త ఓపిక పట్టాలి. ఒక యువరాణి, ఆమె కొలువు, నాట్యం. యువరాణి వేషం వేసినామె మేరీ విన్సర్. అమెరికాలో యూటా రాష్ట్రం ఆమెది. ఆ ఏడే 'ద నారో మార్జిన్' అనే నేరచిత్రంలో మంచి పేరు తెచ్చుకుంది. తలపాగాతో నిలబడ్డ రామాసింగ్ సీజర్ రొమేరో. పద్నాలుగేళ్ళ తర్వాత టీవీ 'బ్యాట్‌మన్'లో జోకర్ వేషంతో ప్రపంచమంతా ఎరిగిన మనిషి. వేటగాడు బెంట్లీగా కెనడాలో పుట్టిన రాడ్ కామెరాన్. మన నంబియార్ కూడా ఉన్నాడు. ఎంజీఆర్ సినిమాల్లో ప్రతినాయకుడిగా తమిళులను భయపెట్టిన ఆ నంబియారే.

"గామె చీర గట్టుడు రాదు," అని గోడ వారనున్న అవ్వ తేల్చేస్తుంది. నిజమే, చెంగు ఆమె చెప్పినట్టు వినడం లేదు. పిల్లలు ఆవులిస్తున్నారు. సారు కథను నాలుగు మాటల్లో కుదిస్తాడు: ఏనుగులు ఊళ్ళ మీద ఎందుకు పడుతున్నాయో ఎవరికీ తెలియదు. అడవిలో వాటిని తరుముతున్నది ఇంకోటి ఉందనీ, అది బొచ్చున్న రాక్షసి ఏనుగనీ వేటగాడు అంటాడు. కొలువులో ఎవరూ నమ్మరు. రామాసింగ్ అసలే నమ్మడు. అందరూ కలిసి చూడటానికి బయలుదేరుతారు.

"బొచ్చేనుగా?" పోరడి ఆవులింత ఆగిపోయింది.

"మామత్ అంటరు. ఉండె ఒకప్పుడు. వస్తది సూడు, ఆఖర్ల."

ఇక అడవి. ఇప్పుడు మీరు గోడకు కొంచెం దగ్గరగా జరగండి. ఈ భాగం చూడటానికే ఇంత దూరం వచ్చారు.

అడవిలోకి వెళ్ళే వరస చూడండి. మావటి కాళ్ళు ఏనుగు చెవుల వెనక కనబడుతున్నాయి, బొటనవేలితో నొక్కి దారి చెబుతున్నాడు. ఏనుగు అడుగు వేసే ముందు తొండం కొసతో నేల తడుముతుంది. నటులు కెమెరా కోసం నడుస్తున్నారు. ఏనుగు మాత్రం పడకుండా ఉండటానికి నడుస్తోంది. తొండం చివరన ఒక్క వేలు లాంటి మొన ఉంటుంది మన ఏనుగుకు, ఆఫ్రికా ఏనుగుకైతే రెండు. ఆ ఒక్క మొనతో దారి పక్క గడ్డిని చుట్టి, వేళ్ళతో సహా పీకి, మట్టి రాలేదాకా ముందుకాలికి కొట్టుకుని, అప్పుడు నోట్లో పెట్టుకుంటుంది. ఏనుగును దగ్గరగా చూసినవాళ్ళకు తెలుసు ఈ అలవాటు. ఏ దర్శకుడూ చెప్పి చేయించలేడు దీన్ని. కెమెరా ఉందన్న సంగతి ఏనుగుకు పట్టదు. ఆకలైతే తింటుంది, చిరాకేస్తే తల ఆడిస్తుంది. కథ మర్చిపోయి ఏనుగునే చూస్తూ ఉండండి, ఈ సినిమా విలువ అప్పుడే తెలుస్తుంది.

దర్శకుడు విలియం బెర్క్, కథ రాసిన కారల్ యంగ్ ఇద్దరూ అంతకుముందు 1948లో 'జంగిల్ జిమ్' చేశారు. టార్జాన్‌గా పేరు పడ్డ జానీ వైస్‌ముల్లర్ అందులో వేటగాడు. ఆ అడవి కాలిఫోర్నియాలోనే పుట్టింది. పాత చిత్రాల్లోంచి కోసి అతికించిన జంతువులు. అట్లాంటి వాళ్ళు ఈసారి పెట్టె సర్దుకుని సేలం వచ్చారు. వచ్చేసరికి ఇక్కడ నిజం ఏనుగులు, నిజం మావటులు, వెదురు పొదలు, ఏర్కాడు కొండల పాదాన ఒక పూర్తి స్టూడియో ఉన్నాయి. మధ్యవర్తిగా ఎలిస్ ఆర్. డంగన్ ఉన్నాడు. ఓహాయోలో పుట్టి, 1935లో మద్రాసుకు వచ్చి, తమిళం రాకుండానే తమిళ సినిమాలు తీసినవాడు. ఎంజీఆర్ మొదటి చిత్రం 'సతీ లీలావతి' ఈయనదే, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 'మీరా' ఈయనదే. మోడరన్ థియేటర్స్‌కు 1950లో 'మంత్రికుమారి' చేశాడు. 'ది జంగిల్'కు సహనిర్మాతగా నిలిచాడు. రెండు లోకాల మర్యాదలూ తెలిసిన మనిషి లేకుండా ఇట్లాంటి పని ఒక్కరోజు కూడా సాగదు.

కెమెరా వెనక మనిషి గురించి చెప్పకుండా నేను ముందుకు పోలేను. క్లైడ్ డి విన్నా. తహితీ దీవుల్లో తీసిన 'వైట్ షాడోస్ ఇన్ ద సౌత్ సీస్'కు ఆస్కార్ అందుకున్నవాడు. ఆఫ్రికాకు వెళ్ళి 1931 నాటి 'ట్రేడర్ హార్న్' చిత్రీకరించినవాడు. హామ్ రేడియో అంటే ప్రాణం. ఆఫ్రికా చిత్రీకరణలోనూ ఆ రేడియో వాడాడు. అట్లాంటివాడు ముసలితనంలో చిన్న బడ్జెట్ సినిమా కోసం సేలం ఎండలో నిలబడ్డాడు. 1953లో చనిపోయాడు. ఏనుగుల మీద వెలుగు పడే తీరు చూడండి: వీపు అంచు మెరుస్తుంది, పొట్ట నీడలో ఉంటుంది, మధ్యలో చర్మం మీది ముడతలు విడివిడిగా లెక్కపెట్టేటట్టు కనబడతాయి. జంతువుల చుట్టూ బతుకంతా తిరిగిన కన్ను అది.

మనిషి, మృగం ఒకే చట్రంలో ఉన్నప్పుడు ఒకటి గమనించండి. అట్లాంటి షాట్లు తక్కువ. భయపడే ముఖం ఒక ముక్క, భయపెట్టే జంతువు ఇంకో ముక్క. రెండూ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చోట్ల తీసి పక్కపక్కన అతికిస్తారు. ఆ కాలపు అడవి చిత్రాలన్నిటిదీ ఇదే పద్ధతి. ఏనుగులతో మాత్రం ఆ అవసరం రాలేదు. పాదం పక్కన మనిషి పాదం, ఒకే దుమ్ము రెంటి మీదా పడుతుంది. ఆ దుమ్ము చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

"గిట్ల మన అనంతగిరిల గూడ పులులుండె," అంటాడు తువ్వాలాయన, గోడ మీంచి కళ్ళు తిప్పకుండా. "మా తాత జెప్పెటోడు."

తాత చెప్పింది కట్టుకథ కాదు. ఇది వేటలాడిన నవాబుల నేల. అనంతగిరి పక్కనున్న వికారాబాద్ పేరే పైగా వంశపు నవాబు వికార్-ఉల్-ఉమ్రా మీదుగా వచ్చింది, ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించినాయన. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో ఆరితేరినవాడు. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ తీసిన వేట చిత్రాల్లో చచ్చిన పులుల వెనక దొరలు వరసగా నిలబడి ఉంటారు. మూసీ పుట్టే అనంతగిరిలో ఇప్పుడు శని, ఆదివారాలు కార్ల వరసలే. సినిమా వచ్చిన 1952 సంవత్సరమే ఇంకో సంగతికీ గుర్తుంది. ఈ దేశంలో చీతా అంతరించిపోయిందని ప్రభుత్వం ప్రకటించిన ఏడాది అది. వన్యప్రాణుల కోసం కేంద్రంలో మొదటి బోర్డు ఏర్పడిందీ ఆ ఏడాదే. ఒక జంతువును పోగొట్టుకున్నామని దేశం ఒప్పుకున్న ఏడాదిలో, వేలయేళ్ళ కింద పోయిన ఇంకో జంతువు కోసం తెర మీద మనుషులు అడవిలో వెతుకుతున్నారు.

"ఇగొ, ఇప్పుడు సూడుండ్రి," సారు గొంతు పెంచుతాడు.

కొండ మీద మామత్‌లు వచ్చాయి.

పిల్లలు ఒక్కసారి లేచి నిలబడ్డారు. వెనకవాళ్ళు "కూసోండ్రా" అని అరుస్తున్నారు. గోడ నిండా బొచ్చు. వీపు మీంచి పక్కలకు వేలాడుతోంది, నడుస్తుంటే ఊగుతోంది. అవ్వ ముందుకు వంగి, చేత్తో కళ్ళకు నీడ పట్టి, కాసేపు చూస్తుంది.

"గిది మన ఏనుగే గదా. మీద ఏందో కప్పిండ్రు."

కప్పారు. మామూలు ఏనుగులకు బొచ్చు తొడుగులు వేసి మామత్‌లను చేశారు. సినిమా మొత్తం దాచిపెట్టి చివర్లో చూపించే వింత అది. అమెరికాలో ఈ చిత్రం గురించి ఎవరు రాసినా ముందు ఎత్తేది ఈ తొడుగుల సంగతే. ఎగతాళి చెయ్యడం నాకు చేతకాదు. ఎందుకంటే ఆ వేషం వెనక ఒక నిజం ఉంది, తీసినవాళ్ళకు కూడా తెలియనిది. బొచ్చు మామత్ ఉండేది సైబీరియా లాంటి చలి నేలల్లో. మన అడవుల్లో ఎన్నడూ లేదు. ఆఖరి గుంపు ఆర్కిటిక్‌లోని రాంగెల్ దీవిలో సుమారు 4,000 ఏళ్ళ కిందటి దాకా బతికింది. కానీ జన్యువులు చదివినవాళ్ళు తర్వాత తేల్చింది ఏమిటంటే, మామత్‌కు బతికున్న జంతువుల్లో అన్నిటికన్నా దగ్గరి చుట్టం మన ఆసియా ఏనుగే. ఆఫ్రికా ఏనుగు కన్నా దగ్గర. పోయిన తోబుట్టువు వేషం ఈ ఏనుగులు కట్టాయి.

ఏ ఎండలో కట్టాయో అదీ చూడాలి. ఏనుగుకు ఒంటి నిండా చెమట పట్టదు. గోళ్ళ దగ్గర తప్ప దానికి చెమట గ్రంథులు లేవు. వేడెక్కితే చెవులు విసురుకుంటుంది, ఆ పల్చటి చర్మం కింద పారే నెత్తురు గాలికి చల్లబడి ఒంట్లోకి తిరిగి వెళుతుంది. నీళ్ళు, బురద దొరికితే పైన చల్లుకుంటుంది. మామత్ చెవులు చలికి తగ్గట్టు చిన్నవి, మన ఏనుగువి ఎండకు తగ్గట్టు పెద్దవి. అట్లాంటి ఒంటి మీద మందపాటి బొచ్చు కప్పి, కొండ ఎక్కించి, మళ్ళీ మళ్ళీ నడిపించారు. దుమ్ము లేచే ఆ నడకలో ఏనుగు ఏం అనుభవించిందో అడిగినవాళ్ళు లేరు, అడగాలన్న చట్టమూ అప్పటికి లేదు. జంతువుల మీద క్రూరత్వాన్ని అడ్డుకునే ఇప్పటి చట్టం 1960లో వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో. పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి ఈ ఐదింటికీ ఆటలు నేర్పి చూపించడం 1998లో ఆగింది. ఇప్పుడు సినిమాలో జంతువు కనబడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ఉండాలి. అందుకే ఈమధ్య తెర మీద గర్జించే పులులన్నీ కంప్యూటర్‌లో పుట్టినవే. వాటికి దాహం వెయ్యదు. ఆ మార్పు రావలసిందే, వచ్చినందుకు సంతోషం. అయినా ఆ కంప్యూటర్ పులిలో గడ్డికి అంటిన మట్టి దులుపుకునే ఓపిక నాకు ఎక్కడా కనబడలేదు. ఈ పాత రీళ్ళను పారెయ్యకుండా దాచుకోవాలని నేను గట్టిగా అనుకునేది అందుకే. అవి మంచి కథలు చెబుతాయని కాదు. ఒకప్పుడు సేలం దగ్గర బతికిన కొన్ని ఏనుగులు ఎట్లా నడిచాయో, ఎట్లా తిన్నాయో, ఎట్లా చిరాకు పడ్డాయో వాటిలో ఉంది. ఆ ఏనుగుల పేర్లు సినిమా టైటిళ్ళలో లేవు. మావటుల పేర్లూ లేవు.

గోడ తెల్లబడింది. సారు లైటు వేస్తాడు. పిల్లలప్పుడే మామత్‌లైపోయారు, బొంతలు కప్పుకుని వాకిట్లో ఒకళ్ళ వెనక ఒకళ్ళు. తువ్వాలాయన దగ్గరికి వచ్చి అడుగుతాడు:

"ఏనుగులు ఊళ్ళ మీద పడ్డయి గదా సారూ. తొక్కిన చేన్లకు పైసలు గిట్ల ఇచ్చిండ్రా ఆ రాణి?"

"సిన్మాల జెప్పలే."

"జెప్పాలె గదా మరి."

అవ్వ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తూ ఉంది. ఆమె అడగాల్సింది వేరే ఉంది.

"గా బొచ్చు దీసినంక ఏనుగుకు నీళ్ళు వోసిండ్రా లేదా?"

సారు కళ్ళద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకుంటూ ఆలోచిస్తాడు. మావటి ఉన్నాడు కాబట్టి పోసే ఉంటాడంటాడు. సినిమావాళ్ళు మర్చిపోయినా మావటి మర్చిపోడట. అవ్వ తల ఊపుతుంది కానీ ఒప్పుకున్నట్టు లేదు. వైరు చుడుతున్న పిల్లవాడు వచ్చే వారం ఏం వేస్తావని అడుగుతున్నాడు. మైసూరు మహారాజు ఏనుగుశాలలో మావటి కొడుకు సాబూ, 1937లో 'ఎలిఫెంట్ బాయ్' అనే సినిమాకు హీరో అయ్యాడని సారు మొదలుపెట్టాడు. వాడు అప్పటికి నీ అంతే ఉన్నాడంటే పిల్లవాడు నమ్మడం లేదు.